అటక మీద దొరికిన తాళపత్రాలు వేలానికి ఇవ్వొచ్చా? బరంపురం, పర్లాకిమిడి వాళ్లు చెప్పండి

ఆస్కా రోడ్డు | శనివారం ఉదయం 7.40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. పెద్ద బజార్ దగ్గరి పాత ఇల్లు బిల్డరుకి ఇచ్చేశాం, వచ్చే నెల కూలగొడతారు. అటక దులుపుతుంటే ఒక టేకు పెట్టె దొరికింది. అందులో తాళపత్రాల కట్టలు మూడు, ఒక ఘంటం (తాటాకు మీద రాసే ములుకు), గంజపా (పాతకాలపు పేక) ముక్కల డబ్బా ఉన్నాయి. పెద్ద కట్టలో 118 ఆకులు. మా ముత్తాతగారు నాటువైద్యం చేసేవారట, అందులోవి మందుల పద్యాలని నాన్న చెప్పేవారు. రెండు ఆకుల అంచున మొక్కల బొమ్మలు గీసి ఉన్నాయి. ఆకు తిప్పితే వేలికి మసి అంటుతోంది.

ముంబయిలో వేలం వేసే ఒక సంస్థకి ఫొటోలు పంపాను. మూడు కట్టలూ కలిపి 90 వేల నుంచి లక్షన్నర దాకా పాట రావచ్చన్నారు, గంజపా ముక్కలు విడిగా పెడతామన్నారు. విశాఖలో ఉన్న మా అన్నయ్య మాత్రం "పెద్దల సొత్తు, అమ్మావంటే నాతో మాట్లాడకు" అన్నాడు. పోనీ నువ్వు తీసుకెళ్లి దాచమంటే ఫ్లాటులో చోటు లేదంటాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అమ్మడం తప్పా?

నాణేల సంచి | ఉదయం 8.15

తప్పేం లేదు తమ్ముడూ. కానీ ముందు నా అనుభవం విను. నా దగ్గర 1862 నాటి విక్టోరియా వెండి రూపాయిలు నాలుగు ఉన్నాయి. మూడేళ్ల కింద ఒకడు ఫేస్‌బుక్‌లో ఒక్కోటి 3 లక్షలకు కొంటానన్నాడు. రిజిస్ట్రేషన్‌కని 2,500, తర్వాత జీఎస్టీకని 11,000 కట్టించుకున్నాడు. రిజర్వు బ్యాంకు ముద్రతో లెటరు కూడా పంపాడు, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. పాత నాణేలు, నోట్ల అమ్మకాలతో మాకు సంబంధం లేదు, మా పేరు చెప్పి కమీషన్ అడిగితే నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించిందట. నేను చదివింది డబ్బు పోయాక. పైగా ఆ 1862 అంకెనే ఏళ్ల తరబడి ముద్రిస్తూ పోయారు కాబట్టి ఆ రూపాయి అంత అరుదేమీ కాదు.

అందుకని ముందుగా డబ్బు అడిగితే అక్కడే ఆపెయ్. సరైన వేలం వాళ్లు పాట అయ్యాక వచ్చిన దాంట్లోంచి కమీషన్ పట్టుకుంటారు. నాలుగు సంగతులు రాతలో తీసుకో: ఎంతకి తగ్గితే అమ్మకూడదు, కమీషన్ ఎంత, ఇన్సూరెన్స్ ఎవరిది, అమ్ముడుపోకపోతే తిరిగి పంపే ఖర్చు ఎవరిది. పేపర్లో పడే ధరలు చూసి ఆశపడకు. కొన్నవాడు పాట మీద అదనంగా కట్టేది కూడా కలిపి వేస్తారు, నీ చేతికి వచ్చేది అది కాదు.

ఇక చట్టం సంగతి. నూరేళ్లు దాటితేనే పురావస్తువు. దాటకపోతే ఏ టెన్షనూ లేదు.

పర్లాకిమిడి పాతబస్తీ | ఉదయం 9.02

నూరేళ్లు కాదండీ, 75. తెలియకపోతే ఊరుకోండి, ఆ అబ్బాయిని చిక్కుల్లో పడెయ్యకండి.

బాబూ, అమ్మొద్దు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. 1988లో మా చిన్నాన్న రెండు కట్టలు ఒక వ్యాపారికి ఇచ్చేశాడు. బొమ్మలున్న రామాయణం అది. పదేళ్ల తర్వాత భువనేశ్వర్‌లో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, హోటలు గోడ మీద అద్దం వెనకాల ఒకే ఒక్క ఆకు కనబడింది. మధ్యలో దారం కన్నం, కన్నం పక్కన హనుమంతుడి తోక. ఆ తోక మెలిక నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కట్ట విప్పేసి, బొమ్మలున్న ఆకులు ఒక్కొక్కటి ఒక్కో ఫ్రేము కట్టి అమ్ముకున్నారు. రాత ఆకులు ఏమయ్యాయో ఎవడికీ తెలియదు. ఆ రాత్రి నేను భోజనం చెయ్యలేదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన సవర భాష కోసం కొండలెక్కిన ఊరు. అక్కడ పుట్టి తెలుగు రాత వేలంలో పెట్టడమా?

నాణేల సంచి | ఉదయం 9.20

చట్టం నేనూ చదివాను. 1972 పురావస్తువుల చట్టంలో నూరేళ్లు అని స్పష్టంగా ఉంది.

పర్లాకిమిడి పాతబస్తీ | ఉదయం 9.31

75 అని కూడా స్పష్టంగా ఉంది.

గోపాల్‌పూర్ గాలి | ఉదయం 9.40

ఒక ఆకు ఫొటో పెట్టండి అన్నా.

కోర్టు వరండా | ఉదయం 10.25

మీరిద్దరూ చెప్పేది నిజమే, రెండూ వేరే వేరే వస్తువుల గురించి. శిల్పం, నాణెం, చిత్రం, చేతిపని లాంటి వాటికి నూరేళ్లు. చారిత్రక, శాస్త్ర, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి, దస్తావేజుకి 75 ఏళ్లు. తాళపత్రాలు రాతప్రతులు. ముత్తాతగారివి కాబట్టి 75 ఎప్పుడో దాటి ఉంటాయి.

పురావస్తువు అయినంత మాత్రాన దేశం లోపల అమ్మకూడదని లేదు. దాన్ని వ్యాపారంగా అమ్మేవాళ్లకు లైసెన్స్ ఉండాలి, ఆ ముంబయి వాళ్లను లైసెన్స్ నంబరు అడగండి. దేశం దాటించడం మాత్రం మామూలు మనుషులకు పూర్తిగా నిషేధం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. బొమ్మలున్న రాతప్రతులైతే పురావస్తు శాఖ రిజిస్టరింగ్ ఆఫీసరు దగ్గర నమోదు చేయించాలి. మీ రెండు ఆకుల మీద బొమ్మలున్నాయన్నారు కదా, ముందు ఆ పని చూడండి. నమోదైన వస్తువు చేతులు మారితే మళ్లీ తెలియజెయ్యాలి. ఇల్లు పంపకాల కాగితంలో ఆ పెట్టె ప్రస్తావన ఉంటే జిరాక్సు దగ్గర పెట్టుకోండి, వస్తువు ఎవరిదో చెప్పే కాగితం లేకపోతే పాట కూడా పెరగదు.

ఘంటం పిడి దేనితో చేసింది?

ఆస్కా రోడ్డు | ఉదయం 11.10

పిడి తెల్లగా, కాస్త పసుపు తిరిగి ఉంది సార్. అమ్మ దంతం అంటోంది.

కోర్టు వరండా | ఉదయం 11.14

దంతమే అయితే దాన్ని అమ్మకానికి పెట్టకండి, ఫొటో కూడా ఎవరికీ పంపకండి. వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. ముందు అటవీ శాఖ వాళ్లను అడిగి ఏం చెయ్యాలో తెలుసుకోండి.

నాణేల సంచి | మధ్యాహ్నం 12.05

సరే, రాతప్రతికి 75, ఒప్పుకుంటున్నా. కానీ గంజపా ముక్కలకి నూరేళ్లే కదా. అవి ఎప్పటివి?

ఆస్కా రోడ్డు | మధ్యాహ్నం 12.40

తాతగారు పెళ్లయ్యాక కొన్నారట, అంటే 1940 ప్రాంతం. 96 ముక్కలు ఉండాలి, రంగుకి 12 చొప్పున ఎనిమిది రంగులు. లెక్కపెడితే 93 ఉన్నాయి. గుడ్డకి చింతగింజ జిగురు పట్టించి చేసినవి, అంచున లక్క ఊడుతోంది.

గంజాం కోడలు | మధ్యాహ్నం 1.15

మూడు ముక్కలు తక్కువైతే ధర బాగా పడిపోతుంది తమ్ముడూ. పెట్టె అడుగున కాగితం తీసి చూడు, మా అత్తగారి డబ్బాలో అలాగే దొరికాయి.

పర్లాకిమిడి పాతబస్తీ | మధ్యాహ్నం 2.00

ముక్కల గొడవ ఎందుకండీ ఇప్పుడు? అవి అమ్ముకుంటే అమ్ముకోమనండి. నేను మాట్లాడేది రాత గురించి. పిప్రహ్వా రత్నాలు చూశారు కదా. బుద్ధుడి అస్థికలతో కలిసి 1898లో దొరికినవి, 2025 మే నెలలో హాంకాంగ్‌లో వేలానికి పెట్టారు. మన ప్రభుత్వం నోటీసిస్తే ఆగింది, జులైలో తిరిగొచ్చాయి. దేశమంతా కదిలితే గానీ ఆగలేదు. మన తాళపత్రాల కోసం ఎవరు కదులుతారు?

నాణేల సంచి | మధ్యాహ్నం 2.30

మరి బ్రౌన్ దొర సంగతేమిటి? డబ్బిచ్చి ప్రతులు కొన్నాడు, జీతాలిచ్చి నకళ్లు రాయించాడు. అందుకే ఈ రోజు వేమన పద్యాలు చదువుకుంటున్నాం. అప్పట్లో ఇళ్లవాళ్లందరూ పెద్దల సొత్తని పట్టుకు కూర్చుంటే చెదలకి పోయేవి. కొనేవాడు డబ్బు పెట్టాడంటే జాగ్రత్తగా చూసుకుంటాడు.

పర్లాకిమిడి పాతబస్తీ | మధ్యాహ్నం 2.38

బ్రౌన్ ఆకులు విప్పి ఫ్రేములు కట్టలేదు. ఆయన పోగేసినవి మద్రాసు గ్రంథాలయానికి చేరాయి. ముంబయి పాటలో కొనేవాడు ఎవడో మనకి పేరు కూడా చెప్పరు.

గోపాల్‌పూర్ గాలి | మధ్యాహ్నం 2.45

మ్యూజియానికి ఇచ్చెయ్యొచ్చు కదా. భువనేశ్వర్‌లో స్టేట్ మ్యూజియంలో 40 వేల దాకా తాళపత్రాలున్నాయి.

పర్లాకిమిడి పాతబస్తీ | మధ్యాహ్నం 2.52

అక్కడ తెలుగు ప్రతి ఎవరు చదువుతారు? హైదరాబాద్ ప్రాచ్య లిఖిత భాండాగారానికి ఇవ్వాలి. తెలుగు సొత్తు తెలుగు వాళ్ల దగ్గరే ఉండాలి.

ఆస్కా రోడ్డు | సాయంత్రం 5.20

సార్, పొద్దున్నుంచి మీరు చెప్పేది వింటున్నాను. ఒక్క మాట అడుగుతాను. మీరిప్పుడు ఎక్కడుంటున్నారు?

పర్లాకిమిడి పాతబస్తీ | సాయంత్రం 5.41

హైదరాబాద్‌లో. 22 ఏళ్లయింది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

ఆస్కా రోడ్డు | సాయంత్రం 6.30

అదే సంబంధం సార్. మా అన్నయ్యా అదే మాట, మా అత్తలూ అదే మాట. అందరూ వెళ్లిపోయారు. నాన్నకి పక్షవాతం వచ్చి నాలుగేళ్లు మంచం మీద ఉంటే చూసుకున్నది నేనూ నా భార్యా. వాన కురిస్తే ఆ అటక కారేది. కారిన ప్రతిసారీ ఆ పెట్టె జరిపింది నేను. దసరాకి కట్టలు ఎండలో పెట్టి, వేపాకు మార్చింది మా అమ్మ. అప్పుడు ఎవరికీ పెద్దల సొత్తు గుర్తు రాలేదు. అమ్ముతానన్న రోజున అందరూ వారసులయ్యారు. ఠాకురాణి జాతరకి కూడా రాని వాళ్లు నాకు తెలుగుతనం చెబుతుంటే కడుపు మండుతోంది.

నాన్న ఆసుపత్రి అప్పు ఇంకా 2 లక్షలుంది. ఇంతకు ముందు రాయలేదు, సిగ్గేసి.

గంజాం కోడలు | సాయంత్రం 6.42

తమ్ముడూ, బాధపడకు. మా ఇంట్లోనూ ఇదే.

పర్లాకిమిడి పాతబస్తీ | రాత్రి 8.05

నీ మాట తగిలింది బాబూ. నేను సరదాగా వెళ్లలేదు. నేను తెలుగు పంతుల్ని. మా బడిలో తెలుగు సెక్షన్ మూసేశారు, నన్ను లెక్కలు చెప్పమన్నారు. గిడుగు వారు కూడా 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. వెళ్లినవాడికి ప్రేమ లేదనకు. నాకు ఆ ఊరు రోజూ కలలోకి వస్తుంది.

అయినా నా మాట అదే. నీ పిల్లలకి తెలుగు చదవడం రాదనుకుంటాను. ఇంట్లో ఉంచినా నీ తర్వాత అది ఎవరికీ పనికి రాదు. అందుకే హైదరాబాద్ అంటున్నాను.

ఆస్కా రోడ్డు | రాత్రి 8.20

నిజమే, పాపకి తెలుగు చదవడం రాదు. ఒడియా స్కూల్లో ఏడో తరగతి. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. గోపాల్‌పూర్ అన్న అడిగారు కాబట్టి రెండు ఆకుల ఫొటోలు పెడుతున్నాను, 12వ ఆకు, 101వ ఆకు. వేలం వాళ్ల కేటలాగు చిత్తులో దీన్ని ఒడియా తాళపత్రం అని రాశారు. తప్పు రాశారా?

రెండు లిపులు | రాత్రి 9.48

నేను ఎప్పుడూ చదివి పోతుంటాను, ఇవాళే రాస్తున్నాను. 12వ ఆకు తెలుగు లిపి. 101వ ఆకు చూడండి, చెయ్యి వేరు, లిపి వేరు. ప్రతి అక్షరానికీ తల మీద గొడుగులా వంపు ఉంది, అది ఒడియా లిపి. తాటాకు మీద ఘంటంతో అడ్డంగా తిన్నటి గీత లాగితే ఆకు చీలుతుంది, అందుకే తలకట్టు అలా గుండ్రంగా తిరిగిందంటారు. భాష మాత్రం తెలుగే. మొదటి వరుసలో "శొంఠి పిప్పలి మిరియము" అని ఉంది. త్రికటు చూర్ణం.

మీ ముత్తాతగారి తర్వాత ఎవరో ఒడియా బడిలో చదువుకున్నవారు తెలుగు పద్యాలను తనకొచ్చిన అక్షరాల్లో రాసి పూర్తిచేశారనుకుంటాను. ఈ కట్టను హైదరాబాద్ ఇస్తే చివరి ఆకులు చదవలేరు, భువనేశ్వర్ ఇస్తే మొదటివి చదవలేరు. కట్ట విప్పి అమ్మితే ఇక ఎవరూ చదవలేరు. అమ్మినా, ఇచ్చినా ముందు 118 ఆకులూ రెండు వైపులా స్కాన్ చేయించండి. కేంద్రం జ్ఞాన భారతం పేరుతో ఈ పనే పెట్టుకుంది, కోటికి పైగా రాతప్రతులు లక్ష్యమని 2025 బడ్జెట్‌లో చెప్పారు.

నాణేల సంచి | రాత్రి 9.55

స్కాన్ ఉంటే పాట ధర కూడా పెరుగుతుంది. నా మాట అంతే.

ఆస్కా రోడ్డు | ఆదివారం ఉదయం 10.30

రాత్రి ఆ పోస్టు చదివి పాపని లేపాను. 101వ ఆకు ముందు కూర్చోబెట్టి, టార్చి ఏటవాలుగా పట్టుకున్నాను. కూడబలుక్కుని చదివింది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఇది పాత "ణ" లా ఉంది నాన్నా అంటూ. దానికి చదవడం వచ్చు, అర్థం తెలియదు. నాకు అర్థం తెలుసు, చదవడం రాదు. అమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. అరగంటలో మూడు వరుసలు అయ్యాయి.

గంజపా ముక్కలు ఈసారి పాటకి పంపుతున్నాను, పెట్టె అడుగున ఒక ముక్క దొరికింది అక్కా, 94 అయ్యాయి. కట్టలు మాత్రం ఇప్పుడు పంపడం లేదని వాళ్లకి మెయిల్ పెట్టాను. నమోదు కాగితాల పని సోమవారం మొదలుపెడతాను. అప్పు సంగతి అన్నయ్యతో మాట్లాడతాను, సగం కట్టమంటాను. ఎప్పటికీ అమ్మనని మాత్రం మాట ఇవ్వలేను.

మూడో వరుసలో పాప "గలిజేరు" అని చదివింది. మాకెవరికీ తెలియలేదు. అమ్మకీ గుర్తు రాలేదు.

పర్లాకిమిడి పాతబస్తీ | ఆదివారం ఉదయం 10.44

అటికమామిడి అంటారు, అదే. నేల మీద పాకుతుంది, వానలు పడగానే వస్తుంది. మా పెరట్లో నుయ్యి గట్టు పక్కన ఉండేది, అమ్మ పప్పులో వేసేది. పాపకి చెప్పు. నాలుగో వరుస ఫొటో ఇంకొంచెం దగ్గరగా తీసి పెట్టు బాబూ.