‘పసిమి బంగరు’ అనాలా, ‘పసిడి బంగరు’ అనాలా? పత్తర్‌గట్టీలో గుర్తుకు వచ్చిన రుద్రకవి పాదం

మన్నేరు (కందుకూరు):
సభ్యులందరికీ నమస్కారం. ఇటీవల హైదరాబాదు పాతబస్తీకి వెళ్లి, మదీనా కూడలి నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినారు దాకా నడిచాను. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత వీధిని వెడల్పు చేసి, రెండు వైపులా రాతి కమానులతో కట్టిన అంగళ్ల వరుస అది. ఆ కమానుల నీడలో ఉన్న ఒక బట్టల కొట్టులో పెళ్లివారికి ఖడా దుపట్టా చూపిస్తున్నారు. హైదరాబాదు ముస్లిం పెళ్లికూతుళ్లు ధరించే ఆ పైట చాలా పొడవుగా, చేతిలో పట్టుకుంటే బరువే తెలియనంత పలుచగా ఉంటుంది. అంచు మాత్రం సరిగపనితో, అంటే జరీపనితో, నిండి ఉంటుంది. కొట్టు యజమాని దాన్ని భుజాన వేసుకొని చూపబోతే అంచు బరువుకు అది జారిపోయింది. వెంటనే మా ఊరి జనార్దనస్వామి మీద పదహారో శతాబ్దపు కవి కందుకూరి రుద్రకవి చెప్పిన అష్టకం, అంటే ఎనిమిది పద్యాల కృతి, నోటికి వచ్చింది. అయితే మొదటి పాదంలోనే మూడో మాట దగ్గర ఆగిపోయాను. మా అమ్మమ్మ ‘సిరులు మించిన పసిడి బంగరు జిలుగు దుప్పటి జారగా’ అని పాడేది. మా ఇంట్లో ఉన్న అచ్చు ప్రతిలో ‘పసిమి బంగరు’ అని ఉంది. మసీదుల మినార్ల మధ్య నడుస్తున్నంత సేపూ ఆ ఒక్క అక్షరం నన్ను వదలలేదు. ‘మి’ సరైనదా, ‘డి’ సరైనదా? పెద్దలు చెప్పగలరు.

గుండ్లకమ్మ (అద్దంకి):
మన్నేరు గారూ, ముందు ఛందస్సు ఏమంటుందో చూద్దాం. ఇది మూడు, నాలుగు మాత్రల జతలతో సాగే నడక. సిరులు మించిన, పసిమి బంగరు, జిలుగు దుప్పటి, ఇలా ఏడేసి మాత్రల ఖండాలు మూడు నడిచి, చివర ‘జారగా’ అని ఐదు మాత్రలతో పాదం ఆగుతుంది. ‘పసిమి’ మూడు లఘువులు, ‘పసిడి’ కూడా మూడు లఘువులే. ప్రాస రెండో అక్షరమైన రేఫ (‘ర’) మీద ఉంది కాబట్టి అది ఈ మాటను తాకదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ రావలసిన జోడు అక్షరం, మూడో ఖండం మొదట, ‘సి’కి ‘జి’తో కుదిరింది. కాబట్టి ఛందస్సు ‘జిలుగు’ అనే మాటను గట్టిగా పట్టుకొని, దాని ముందున్న మాటను మన ఇష్టానికి వదిలేసింది. గణాలు లెక్కపెట్టి తేల్చే మార్గం ఇక్కడ లేదు. అర్థం మీదే తేల్చుకోవాలి.

పినాకిని (నెల్లూరు):
గుండ్లకమ్మ గారు చెప్పిన యతి లెక్క సరిగ్గా ఉంది. అర్థం విషయానికి వస్తే నాకు సందేహం లేదు. పసిడి అంటేనే బంగారం. ‘పసిడి బంగరు’ అంటే బంగారు బంగారం అని చెప్పినట్లవుతుంది. రుద్రకవి అంతటి వాడు అష్టకం మొదటి పాదంలోనే పునరుక్తి చేయడు. పసిమి అంటే పచ్చదనం కలిసిన లేత వన్నె. ఇప్పటికీ మన ఇళ్లలో పెళ్లిచూపులకు వెళ్లి వచ్చినవారు ‘అమ్మాయి పసిమి ఛాయ’ అంటారు కదా, ఆ వన్నె అన్నమాట. పసుపు, పసరు, పచ్చ అన్నవన్నీ ఆ కుదురులోవే. స్వామి పీతాంబరధారి, దేహం నీలమేఘచ్ఛాయ. కాబట్టి ఇక్కడ పచ్చగా మెరిసేది ఒంటి రంగు కాదు, కట్టుబట్ట రంగు. పసిమి బంగరు జిలుగు దుప్పటి అంటే పీతాంబరానికి రుద్రకవి చెప్పుకున్న అచ్చ తెలుగు పేరు అని నా అభిప్రాయం.

పాలేరు (ఒంగోలు):
పినాకిని గారూ, పునరుక్తి అన్నంత మాత్రాన ఒక పాఠాన్ని తోసిపుచ్చలేము. తెలుగువాడు నొక్కి చెప్పదలచినప్పుడు ఒకే అర్థమున్న మాటలు రెండు కలపడం అలవాటే. నడిమధ్య అంటాం, నట్టనడుమ అంటాం. అవి తప్పని ఎవరూ అనరు. ఈ అష్టకం పండితుల కోసం కాక పాడుకునేవారి కోసం పుట్టినది. ‘పసిడి బంగరు’ అన్నప్పుడు గొంతుకు దొరికే ఊపు ‘పసిమి బంగరు’లో రాదు. మన్నేరు గారి అమ్మమ్మ గారు అలా పాడారంటే అంతకు ముందు తరంలో వారి పెద్దలు కూడా అలాగే పాడి ఉంటారు. అచ్చులోకి వచ్చిన మాట కన్నా నోటి మాటకు వయసు ఎక్కువ.

పినాకిని (నెల్లూరు):
పాలేరు గారూ, నోటి మాటకు వయసు ఎక్కువన్నది నిజమే. అయితే నోట నానిన మాట అరుగుతుందని కూడా గమనించాలి. పాడేవారు తమకు అలవాటు లేని మాటను అలవాటైన మాటగా మార్చుకుంటారు. అరుదైన ‘పసిమి’ నోళ్లలో ‘పసిడి’గా మారడం సులభం. అందరికీ తెలిసిన ‘పసిడి’ని వెతికి వెతికి ‘పసిమి’గా మార్చుకునే గాయకుడు ఉండడు.

పాలేరు (ఒంగోలు):
గాయకుడు ఉండడు, కానీ పరిష్కర్త ఉంటాడు. ప్రతులు దిద్ది అచ్చుకు ఇచ్చిన పండితులకు పునరుక్తి కంటికి నలుసు వంటిది. మీరు ఇప్పుడు చూపిన తర్కంతోనే వారు కూడా ‘పసిడి’ని తీసి ‘పసిమి’ని పెట్టడానికి అవకాశం ఉంది.

కైవల్య (వెంకటగిరి):
మీరిద్దరూ మూడో మాట దగ్గరే ఆగారు. నన్నడిగితే ఐదో మాట ముఖ్యం. జిలుగు అనగానే నేటివారికి మెరుపు గుర్తుకు వస్తుంది, ‘జిలుగు వెలుగులు’ అన్న మాట వల్ల. నిఘంటువులు రెండర్థాలూ ఇస్తాయి కానీ బట్టను గురించి చెప్పినప్పుడు జిలుగు అంటే సన్నని, నాజూకైన నేత అని. మాది నేతవారి కుటుంబం. వెంకటగిరి చీర పేరు నిలబడింది సన్ననూలు వల్ల, తరువాతే సరిగంచు వల్ల. బట్ట పలుచనై అంచు బరువైతే భుజాన నిలవదు, జారుతుంది. మన్నేరు గారు పత్తర్‌గట్టీలో కళ్లారా చూసినది అదే. ‘జిలుగు దుప్పటి జారగా’ అన్నప్పుడు కవి కారణాన్నీ కార్యాన్నీ పక్కపక్కనే పెట్టాడు. జిలుగును మెరుపు అనుకుంటే ఆ జారడానికి కారణమే ఉండదు.

ఇక దుప్పటి. నేడు పడకమీద పరిచేదాన్ని, చలికి కప్పుకునేదాన్ని దుప్పటి అంటున్నాం కాబట్టి కొత్తగా చదివేవారు స్వామి దుప్పటి కప్పుకొని వచ్చాడేమిటని తికమక పడతారు. ఇక్కడ అది పైన వేసుకునే ఉత్తరీయం. మన దుప్పటి, పాతబస్తీ కొట్లలో వినిపించే దుపట్టా తోడబుట్టిన మాటలు. రెండు పట్టీలు కలిపి కుట్టిన వస్త్రం అన్నది ఆ పేరుకు మూలం.

గుండ్లకమ్మ (అద్దంకి):
కైవల్య గారి మాట నాకు నచ్చింది, దానికి బలం చేకూర్చే మరో సంగతి చెబుతాను. ఆ అష్టకంలో మాట్లాడేది ఖండిత నాయిక. రాత్రంతా వేరొక చోట గడిపి వచ్చిన స్వామిని ఆమె నిలదీస్తున్నది. అటువంటప్పుడు ఉత్తరీయం జారడం అలంకార వర్ణన మాత్రమే కాదు, అది దొరికిపోయిన గుర్తు. రుద్రకవి గొప్పతనం అక్కడే ఉంది. తిట్టు మొదలుపెట్టే ముందు ఆమె కన్ను మొదట బట్ట మీద పడింది. ఆడవారి చూపును అంత సరిగ్గా పట్టుకున్న కవులు తెలుగులో తక్కువ. ‘సుగ్రీవ విజయము’ యక్షగానంగా మనకు దక్కినవాటిలో అతి ప్రాచీనమని చదువుకొని వదిలేస్తాం గానీ, ఆ నాటకీయత ఈ ఎనిమిది పద్యాలలోనూ ఉంది.

మన్నేరు (కందుకూరు):
గుండ్లకమ్మ గారూ, ఈ కోణంలో ఆ పాదాన్ని నేను ఎన్నడూ చూడలేదు, ధన్యవాదాలు. ఇంకొక మాట. రుద్రకవికి గోలకొండ సుల్తాను చింతలపాలెం అగ్రహారం ఇచ్చాడని మా ఊరిలో తరతరాలుగా చెప్పుకుంటారు. చార్మినారు కింద నిలబడి, దాని పై అంతస్తులో ఉన్న మసీదు వైపు చూస్తున్నప్పుడు, మా కవి కూడా ఈ వీధులలో తిరిగి, ఈ బజారు బట్టలు చూసే ఆ పాదం రాసి ఉంటాడా అనిపించింది.

పాలేరు (ఒంగోలు):
అది కాలానికి కుదరదు. రుద్రకవిని ఆదరించినది ఇబ్రహీం కుతుబ్ షా, మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ప్రభువు. ఆయన పాలన 1550 నుంచి 1580 దాకా. చార్మినారు కట్టించినది ఆయన కుమారుడు మహమ్మద్ కులీ, 1591లో. మక్కా మసీదు ఆ తరువాతి తరంలో మొదలై 1694లో ఔరంగజేబు కాలంలో గానీ పూర్తి కాలేదు. పత్తర్‌గట్టీ మాట చెప్పనే అక్కరలేదు. రుద్రకవి చూసి ఉంటే గోలకొండ కోట కింది బజారును చూసి ఉండాలి.

గుండ్లకమ్మ (అద్దంకి):
మల్కిభరాముడి మాట వచ్చింది కాబట్టి మా ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన కవిని తలవకుండా ఉండలేను. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆ ఇబ్రహీం కుతుబ్ షాకే అంకితమిచ్చాడు. ముస్లిం ప్రభువు కృతిపతిగా తెలుగు ప్రబంధం వెలువడడం చిన్న విషయం కాదు. కందుకూరు అగ్రహారం పొందితే అద్దంకి కావ్యాన్ని ఇచ్చింది. రెండు ఊళ్లూ ఆ దర్బారుకు దగ్గరివే.

పినాకిని (నెల్లూరు):
అగ్రహారాలూ అంకితాలూ ఎవరెవరివైనా, తిక్కన సోమయాజి భారతం రాసిన ఊరివారం మేము కూడా వినయంగా వింటున్నాము. అయితే కాలం కుదరలేదని మన్నేరు గారి ఊహను పూర్తిగా కొట్టివేయడం భావ్యం కాదు. సన్నని నేతబట్టను చూడడానికి మన కవి గోలకొండ దాకా వెళ్లవలసిన అవసరం లేదు. మన తీరం ఆ రోజుల్లోనూ నేతకు పేరు పొందినదే. తరువాతి కాలంలో చీరాల తేలియా రుమాళ్లు (నూనె పట్టించిన నూలుతో నేసినవి) ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లాయి. బజారు ఆ దేశపుదైనా బట్ట మనది. మా నెల్లూరులోనే చిన్నబజారు నుంచి కోటమిట్ట వైపు నడిస్తే అంగళ్లూ మసీదులూ అలాగే పక్కపక్కన ఉంటాయి. అక్కడ దుపట్టా అనే పెద్దమ్మలూ దుప్పటి అనే పెద్దమ్మలూ ఒకే కొట్టులో బేరమాడతారు.

అసలు ప్రశ్నకు తిరిగి వస్తాను. జిలుగు సన్నదనమని కైవల్య గారు చెప్పినది ఒప్పుకుంటే ‘పసిమి’ ఇంకా బలపడుతుంది. బంగరు లోహాన్ని చెబుతుంది, జిలుగు నేతను చెబుతుంది, మిగిలినది రంగు. ఆ రంగును చెప్పే మాట పసిమి తప్ప మరొకటి కాదు. మూడు విశేషణాలు మూడు వేర్వేరు సంగతులు చెప్పాలి కదా.

కైవల్య (వెంకటగిరి):
పినాకిని గారూ, నా మాటను మీ వాదానికి వాడుకున్నారు గానీ సరిగ సంగతి మరచారు. పాతకాలపు అసలు సరిగ అంటే వెండి తీగను పట్టుదారం మీద చుట్టి, దాని మీద బంగారు పూత పూసినది. పూత పలుచనైతే వెండి తెలుపు కలిసి లేత పసుపు వన్నె వస్తుంది, పూత చిక్కనైతే ఎరుపు తిరిగిన బంగారు వన్నె వస్తుంది. పసిమి బంగరు అంటే ఆ మొదటి వన్నె కావచ్చు. అప్పుడు పసిమి బట్ట రంగు కాదు, బంగారానికే రంగు. పీతాంబరం అన్న మీ అన్వయం నిలవదు.

పినాకిని (నెల్లూరు):
నిలవకపోవడం ఎందుకు? బంగారం రంగే బట్ట రంగు అయినప్పుడు రెండూ ఒకటే.

పాలేరు (ఒంగోలు):
ఒకటి కాదు. అంచున సరిగ ఉన్న బట్ట వేరు, ఒళ్లంతా పచ్చనైన బట్ట వేరు. రుద్రకవి ఏది చూపించాడన్నది తేలాలంటే ‘సిరులు మించిన’ అన్నది దేనికి విశేషణమో ముందు తేల్చాలి. సిరులు మించినది బంగారమా, దుప్పటా, లేక ఆ పాదంలో పేరు చెప్పకుండా సంబోధించిన స్వామియా? నా పఠనంలో అది బంగారానికే చెందుతుంది. అటువంటప్పుడు ‘పసిడి బంగరు’ అన్న రెట్టింపు ఆ సిరిని ఇంకా పెంచి చెప్పడానికే వచ్చింది. పసిమి పక్షంవారు ‘సిరులు మించిన’ను దుప్పటికి అన్వయించి, మిగిలిన మూడు పాదాలతో పొసగేలా అర్థం చెప్పి చూపితే నేను శ్రద్ధగా చదువుతాను.