ఆడ జంతువుల్లో ఒత్తిడి, కుంగుబాటు, మతిమరుపు: లోపం సెరటోనిన్‌దేనా?

నాడీవిద్యార్థిని:
ఒత్తిడికి లోనైన ఆడ ఎలుక ఒక మూల ముడుచుకుని కూర్చున్నా, నిన్న చూసిన వస్తువును ఇవాళ గుర్తుపట్టకపోయినా, మెదడులో నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం తగ్గిందని చెప్పి ముగించడం మా విభాగంలో అలవాటైపోయింది. ఆ వివరణ నాకు మింగుడుపడటం లేదు. 1998లో వుడ్, షోర్స్ అనే పరిశోధకులు మగ, ఆడ ఎలుకలకు తోక మీద ఒకే రకం విద్యుత్ షాక్‌లు ఇచ్చి, ఆ తర్వాత శబ్దం వినగానే కనురెప్ప మూయడం నేర్పారు. షాక్ తిన్న మగవి త్వరగా నేర్చుకున్నాయి, ఆడవి వెనకబడ్డాయి. అండాశయాలు తొలగించిన ఆడ ఎలుకల్లో మాత్రం ఆ వెనకబాటు కనబడలేదు. లోపం సెరటోనిన్‌దే అయితే అండాశయాలు లేనప్పుడు అది ఎందుకు మాయమవుతుంది?

పశువైద్యుడు:
ప్రశ్న బాగుందండీ, కానీ అండాశయాన్నీ సెరటోనిన్‌నూ విడదీసి ఎదురెదురుగా నిలబెట్టడం సరికాదు. మెదడు కాండంలో రాఫే కేంద్రకాలు అనే నాడీకణాల గుంపులు, మేత ద్వారా అందే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి సెరటోనిన్ తయారు చేయాలంటే ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. అండాశయాలు తొలగించిన రీసస్ కోతులకు అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇస్తే ఆ ఎంజైమ్ తయారీ పెరుగుతుందని ఆరెగాన్‌లో సింథియా బెథియా బృందం చూపింది. అంటే అండాశయం మాట రాఫేకు చేరే దారి ఉన్నట్టే. మెదడులో ఆ ఎంజైమ్ లేకుండా పుట్టించిన చిట్టెలుకలు బతుకుతాయి, పిల్లలనూ కంటాయి, కానీ తల్లులు వాటిని సరిగా సాకవు. ఈనిన పశువు దూడను దగ్గరికి రానీయకపోతే రైతు పడే అవస్థ ఏళ్ల తరబడి చూసినవాణ్ణి కనుక, సెరటోనిన్‌ను అంత తేలికగా తీసిపారేయలేను.

మందుల పరిశోధకుడు:
మనోస్థితి విషయంలో ఒక సంగతి చెబుతాను. నార్త్ కరోలినాలో కెరోల్ షైవ్లీ బృందం గమనించిన ఆడ మకాక్ కోతులలో, గుంపులో కింది స్థాయిలో ఉన్నవాటికి కుంగుబాటు ఎక్కువ. అప్పుడు కోతి తల భుజాల కంటే కిందికి వాలిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి గానీ, పక్కన ఏం జరిగినా చూపు కదలదు. సెరటోనిన్ తిరిగి కణంలోకి పోకుండా ఆపే సెర్ట్రలిన్‌ను అలాంటి ఆడ కోతులకు ఏడాదిన్నర పాటు ఇచ్చినప్పుడు ఆందోళన తగ్గింది, కుంగుబాటు మాత్రం తగ్గలేదు.

నాడీవిద్యార్థిని:
పశువైద్యుడు గారూ, దారి ఉందన్న మీ మాట ఒప్పుకుంటున్నాను. అయితే ఆ దారే నా సందేహాన్ని పెంచుతోంది. ఈస్ట్రోజెన్ సెరటోనిన్ తయారీని పెంచేదే అయితే, ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉన్న ఆడ ఎలుకకు ఒత్తిడి నుంచి రక్షణ దొరకాలి కదా? షోర్స్ ఎలుకల్లో జరిగింది అందుకు విరుద్ధం: అండాశయాలు ఉన్నవే దెబ్బతిన్నాయి. కోతికీ ఎలుకకూ తేడా ఉందని తెలుసు, అయినా 'కొరత' అన్న ఒక్క మాటతో ఈ రెండు ఫలితాలనూ కలపలేము. ఎంత ఉందన్నదానికంటే, కణం మీద సెరటోనిన్‌ను అందుకునే ఏ గ్రాహకం మీద, ఎద చక్రంలో ఏ రోజున పనిచేసిందన్నదే అసలు ప్రశ్న అని నా నమ్మకం.

ఆ రోజులు ఎంత వేగంగా మారతాయో ప్రతి ఉదయం స్లైడ్ మీద చూస్తాను. ఎదకు ముందు రోజు యోని స్రావంలో కేంద్రకమున్న గుండ్రని కణాలు గుంపులుగా ఉంటాయి. మరునాటికి వాటి చోట కేంద్రకం లేని, ఎండిన పొలుసుల్లాంటి కణాలు పరుచుకుంటాయి. ఆ ఒక్క రోజు తేడాలోనే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో, నాడీకణ శాఖల మీద సంకేతాలు అందుకునే ముళ్లలాంటి బుడిపెలు మూడో వంతు దాకా తగ్గుతాయని 1990లో వూలీ బృందం లెక్కకట్టింది. ఏ ఒత్తిడీ లేకుండానే ఇంత మార్పు ఉన్నప్పుడు, ఎద చక్రంలో ఏ రోజో రాయకుండా జ్ఞాపకశక్తి అంకెలు రాయడం నాకు తప్పుగా తోస్తుంది.

మందుల పరిశోధకుడు:
ఈ హెచ్చుతగ్గుల భయంతోనే చాలామంది ఆడ జంతువులను పక్కన పెట్టారు. బీరీ, జుకర్ అనే పరిశోధకులు 2011లో లెక్కిస్తే, నాడీశాస్త్రంలో ఆడవాటి మీద మాత్రమే చేసిన ప్రతి అధ్యయనానికి మగవాటి మీద మాత్రమే చేసినవి 5.5 ఉన్నాయి. 2014లో 293 పత్రాలను పరిశీలిస్తే, ఆడ చిట్టెలుకల ఫలితాలు మగవాటికంటే ఎక్కువ చెదిరిపోవని తేలింది.

పశువైద్యుడు:
నాడీవిద్యార్థిని గారూ, అలాగైతే అండాశయాలు తీసిన ఎలుకలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈస్ట్రోజెన్ ఇచ్చి, రెండింటిలోనూ సగం వాటికి ట్రిప్టోఫాన్ లేని మేత పెట్టి, ఆ తర్వాత ఒత్తిడికి గురిచేసి చూడండి. మేత మారినా ఈస్ట్రోజెన్ జట్టు అంతే వెనకబడితే మీ మాటే ఒప్పుకుంటాను.