లా ఎంట్రన్స్‌కి పజిల్స్ మీద ఇష్టం పెంచుకోవాలా, ట్రిక్స్‌తో గట్టెక్కితే చాలా?

ఇంటర్_అయిపోయింది: అందరికీ నమస్తే. ఈసారి నేషనల్ లా యూనివర్సిటీలకి క్లాట్, మన రాష్ట్ర లా కాలేజీలకి లాసెట్, రెండూ రాస్తున్నా. కరెంట్ అఫైర్స్ ఎంతసేపైనా చదువుతా గానీ, సీటింగ్ అరేంజ్‌మెంట్ ప్రశ్న కనపడితే చాలు, ఒళ్లు మండుతుంది. మా సార్ "ముందు పజిల్స్‌ని ఇష్టపడటం నేర్చుకో" అంటున్నారు. ఇష్టం నేర్చుకుంటే వస్తుందా?

నల్లకోటు: వస్తుంది తమ్ముడూ. గడియారం పక్కన పెట్టి రోజుకు ఒక్కటే చెయ్యి. ఇది చూడు. రమ, సీత, గోపి, వాసు, లత ఒకే వరసలో కూర్చున్నారు. గోపి సరిగ్గా మధ్యలో. లత గోపి పక్కన లేదు. వాసు లత పక్కనే ఉన్నాడు. రమ చివర లేదు. ఒక చివర లత ఉంది, మరి రెండో చివర ఎవరు? లత గోపి పక్కన ఉండకూడదు కాబట్టి ఏదో ఒక చివరే ఉండాలి. ఆమె పక్కన వాసు. అంటే గోపికి అవతలి రెండు కుర్చీలు రమకీ సీతకీ మిగిలాయి. రమ చివర కూర్చోదు, కాబట్టి సీత. లత ఎడమ చివరో కుడి చివరో మనకు తేలనే లేదు, అయినా సమాధానం తేలిపోయింది! ఆ మజా ఒక్కసారి తగిలితే నువ్వే ఇంకోటి వెతుక్కుంటావు.

గోదారోడు: టీ చల్లారేలోపు వచ్చేసింది. ఇంకోటి పెట్టండి.

సూటిమాట: గడియారం పక్కన పెట్టమంటున్నారు, పరీక్ష హాల్లో ఎవరైనా పెట్టనిస్తారా? లాసెట్‌లో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు. ఒక్కోదానికి 45 సెకన్లు. అందులో జీకే, మెంటల్ ఎబిలిటీ రెండూ కలిపితే 30. మైనస్ మార్కులు లేవు. రాని ప్రశ్నకు ఏదో ఒకటి క్లిక్ చేసి ముందుకు పోవాలి. మజా కోసం ఆగితే సీటు పోతుంది.

డాలస్_నుంచి: ఇక్కడి లా ఎంట్రన్స్ ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్‌కి, అంటే ఇలాంటి పజిల్స్‌కే, ఏకంగా ఒక సెక్షనే ఉండేది. 2024 ఆగస్టు నుంచి ఎత్తేశారు. ఇప్పుడు మార్కులన్నీ లాజికల్ రీజనింగ్‌కీ రీడింగ్ కాంప్రహెన్షన్‌కీ. లాయర్‌కి పజిల్స్ అక్కర్లేదని అమెరికా వాళ్లే తేల్చేశారు కదా.

నల్లకోటు: అలా ఎవరూ తేల్చలేదండీ. చూపులేని అభ్యర్థులు కేసు వేస్తే 2019లో రాజీ కుదిరింది. ఆ గేమ్స్‌కి కాగితం మీద బొమ్మ గీసుకోవాలి, చూపులేనివాళ్లకు అది అన్యాయం అన్నది వాళ్ల వాదన. తర్కం అనవసరమని ఎవరూ అనలేదు. సాధనతో ఎక్కువ మార్కులు పెరిగేది ఆ సెక్షన్‌లోనేనని రాసినవాళ్లు చాలామంది అంటారు కూడా.

సూటిమాట: అమెరికా సంగతి వదిలేయండి. క్లాట్‌లో 2020 నుంచి లాజికల్ రీజనింగ్ కూడా ప్యాసేజీలే. వాదన ఏమిటి, దాని వెనక అనుకున్నదేమిటి, ఏం చెబితే అది బలహీనపడుతుంది, ఎక్కువగా ఇవే. కుర్చీల లెక్కకి అంత శ్రమ దేనికి?

నల్లకోటు: ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ ఎంట్రన్స్ ఎయిలెట్‌లో 150కి 70 ప్రశ్నలు లాజికల్ రీజనింగే. అక్కడేం చేస్తారు?

సూటిమాట: తమ్ముడు ఎయిలెట్ రాస్తున్నానన్నాడా? క్లాట్, లాసెట్ అన్నాడు. ప్రశ్న చదవండి సార్.

పిల్లల_తల్లి: ఇష్టం పెంచుతామని ఒక కోచింగ్ వాళ్లు మా అమ్మాయికి సుడోకు పుస్తకాలు అంటగట్టారు. మెటీరియల్ ఫీజు వేరే. పిల్ల వాటిని తెరిచిన పాపాన పోలేదు. ఈ ఇష్టం అంతా వాళ్ల వ్యాపారమే.

గోదారోడు: సుడోకుకీ క్లాట్‌కీ ఏం సంబంధం అమ్మా 😂

నల్లకోటు: నేనేమీ పుస్తకాలు అమ్మట్లేదు. ఒక్కమాట. ఐదు కుర్చీల దగ్గర కాసేపు కూర్చునే ఓపిక లేనివాళ్లు కేసు కట్టలు ఏం చదువుతారు? వాళ్లు ఈ వృత్తిలోకి రాకపోవడమే మంచిది.

సూటిమాట: ఓపిక గురించి మాత్రం నాకు చెప్పకండి సార్. నేను తెలుగు మీడియం. పగలు జిరాక్స్ షాపులో పని, షట్టర్ దించాక చదువు. క్లాట్ పేపర్ ఇంగ్లీషులోనే ఇస్తారు. 120 నిమిషాలు, 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. మిగతావాళ్లు ఒకసారి చదివే ప్యాసేజీ నేను రెండుసార్లు చదవాలి. మీ లత, సీతల లెక్క తెలుగులో పెట్టారు, చూడగానే నాకూ వచ్చింది. రోజుకొకటి తీరిగ్గా చేసుకోమన్నారు చూడండి, ఆ తీరిక ఎవరింట్లో ఉంటుంది?

పిల్లల_తల్లి: బాగా అడిగారు బాబూ.

నల్లకోటు: అయితే మీ గొడవ పేపర్ భాషతో. పజిల్స్ ఏం చేశాయి?

సూటిమాట: పజిల్స్‌ని ఎవరన్నారు? తీరిక లేదంటే వృత్తికే పనికిరారన్న మీ మాటని అంటున్నా.

నల్లకోటు: "మంచిది" అన్నాను, పనికిరారని అనలేదు.

డాలస్_నుంచి: లాయర్లిద్దరూ ఒకే థ్రెడ్‌లో దొరికారు.

ఇంటర్_అయిపోయింది: అన్నా, మరి మీరు లాసెట్ ఎలా రాశారు?

సూటిమాట: స్క్రీన్ మీద ఇంగ్లీషు, తెలుగు రెండూ వచ్చేలా పెట్టుకున్నా. లీగల్ ఆప్టిట్యూడ్ 60 ముందు, తర్వాత కరెంట్ అఫైర్స్, పజిల్ కనపడితే చివరికి. ఇప్పుడు థర్డ్ ఇయర్.

నల్లకోటు: చివరికి నెట్టకు తమ్ముడూ. అలిసిపోయాక కుర్చీలు తిరుగుతాయి. మొదటే చూసుకో.

సూటిమాట: 45 సెకన్లు సార్. 45.