ఎల్పీ రికార్డుల మీద దుమ్ము, టప్ టప్ చప్పుడు

ప్రశ్న:
నాన్నగారి పాత ఎల్పీలు మళ్లీ బయటికి తీశాను. చలికాలం వచ్చిందంటే చాలు, రికార్డు కవర్లోంచి లాగగానే చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి, గుడ్డతో తుడిచేకొద్దీ ఇంకా దుమ్ము పడుతోంది, పాట మధ్యలో టప్ టప్‌మని చప్పుడు. ఏం చేయాలి?

జవాబు 1:
ముందు ఆ పొడి గుడ్డ పక్కన పడేయండి బాబూ. ఎల్పీలు చేసే వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్కే కదా, రుద్దితే స్టాటిక్ చార్జ్ (స్థిర విద్యుత్తు) పట్టేస్తుంది, ఆ చార్జే దుమ్మును లాగుతుంది. కార్బన్ ఫైబర్ బ్రష్ కొని, రికార్డు తిరుగుతుండగా ఒత్తకుండా ఆనించి మెల్లగా అంచు వైపు లాగేయండి. కాగితం కవర్ల బదులు యాంటీ స్టాటిక్ (చార్జ్ పట్టనివ్వని) కవర్లు వేయండి. గదిలో తేమ 40 శాతం కంటే తగ్గితే ఈ గోల ఎక్కువ.

జవాబు 2:
టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే ప్లేయర్) అక్రిలిక్ మూత సంగతి ఎవరూ చెప్పరు. దాన్ని పొడిగా తుడిస్తే అదీ అంతే. తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు. యాంప్లిఫయర్‌కి మాత్రం ప్లగ్ పీకేసి, మెత్తటి బ్రష్.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. రికార్డులు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చా? కొన్ని 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే పాతరకం) ప్లేట్లు కూడా ఉన్నాయి.

జవాబు 1:
78లకు వద్దే వద్దు! అవి ఎక్కువగా లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరుగుతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి, అదీ లేబుల్ తడవకుండా, వెంటనే ఆరబెట్టాలి.