అప్‌డేట్: ప్రార్థనలో మనసు నిలవట్లేదని అడిగాను కదా

మూడు నెలల క్రితం అడిగింది నేనే. ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు కిరాణా కొట్టు, ప్రార్థనకి కూర్చుంటే రెండో నిమిషానికే ఉద్దర ఖాతాలు గుర్తొస్తున్నాయని రాశాను. బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి రోజుకి ఐదు కీర్తనలు చదవమని, శుక్రవారం ఉపవాసం ఉండమని, ఫోన్ దూరం పెట్టమని చెప్పారు.

ఫోన్ బియ్యం డ్రమ్ములో పెట్టాను. నవ్వకండి, పని చేసింది. మా చర్చి సంఘంలో ఆరాధన ఒడియాలో జరుగుతుంది. తెల్లారగట్ల ఇంట్లో తెలుగులో, పైకి చదువుకుంటున్నాను. 150 కీర్తనలు కాబట్టి నెలకోసారి పూర్తవుతాయి. మూడో రోజే 13వ కీర్తన. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. అలా కూడా అడగొచ్చా అనిపించింది. ఆ రోజు మొదటిసారి నా మాటల్లో మాట్లాడాను, అప్పుల గురించే. 24వ రోజున 119 వచ్చింది, ఒక్కదానికే 176 వచనాలు! సగంలో ఆపేసి కొట్టు తెరిచాను.

ఉపవాసం మాత్రం బెడిసికొట్టింది. మొదటి శుక్రవారం నీరసంగా మొహం పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. చిల్లర దగ్గర ఒక ముసలమ్మ మీద అరిచాను కూడా. మా ఆవిడ ఏమీ అనకుండా బైబిల్లో మత్తయి సువార్త 6వ అధ్యాయం తీసి ముందు పెట్టింది: ఉపవాసమప్పుడు తలకి నూనె రాసుకో, మొహం కడుక్కో, మనుషులకి తెలియనివ్వకు అని యేసు చెప్పిన చోటు. మర్నాడు ముసలమ్మ ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనం ఒక్కటే మానేస్తున్నాను. ఖాతాలు ఇంకా గుర్తొస్తాయి. బాకీ ఉన్నవాళ్ల పేర్లు వస్తే వాళ్ల కోసమే ప్రార్థిస్తున్నాను.