ఎనభైల హాలీవుడ్ టీన్ సినిమాల పాటలు: సినిమాలో విన్నవి ఆల్బమ్‌లో లేవు, క్యాసెట్ బొంగురుపోయింది, డీవీడీ శ్రుతి కలవట్లేదు

సైడ్_బి (ప్రశ్న)

ఎనభైల అమెరికన్ టీన్ సినిమాల పాటల్ని సినిమాలో వచ్చిన వరసలో, సినిమాలో వినిపించిన రూపంలోనే ఫైళ్లుగా చేసుకోవాలి. 'ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్', 'ప్రెటీ ఇన్ పింక్' అసలు క్యాసెట్లు, కొన్ని పాల్ (PAL, భారత్, యూరప్‌లలో వాడిన టీవీ పద్ధతి) డీవీడీలు ఉన్నాయి. మూడు చోట్ల చిక్కు. సినిమాలో గుర్తుండిపోయిన పాటలు కొన్ని ఆల్బమ్‌లో అసలు లేవు. క్యాసెట్‌లో పైస్థాయి (ట్రెబుల్) మూసుకుపోయినట్టుంది, రొద తగ్గించే డాల్బీ మీట నొక్కితే ఇంకా అధ్వానం. డీవీడీలో అదే పాట క్యాసెట్ కంటే చాలా పైశ్రుతిలో వినిపిస్తోంది. ఈ రెండింట్లో ఏది సరైనది? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రీల్_రాగం

క్యాసెట్ జోలికి వెళ్లకముందే పాటల జాబితా తేల్చుకోండి. ఈ సినిమాలకు అమ్మిన ఆల్బమ్ వేరు, తెర మీద వినిపించిన సంగీతం వేరు. సినిమాలో పాట వాడుకోవడానికి ఒక అనుమతి, దాన్ని ఆల్బమ్‌లో వేసి అమ్మడానికి ఇంకో అనుమతి కావాలి. రెండోది కుదరకపోతే పాట తెర మీదే ఆగిపోతుంది.

'ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్' (1985) ఆల్బమ్‌లో ఉన్న 10 ట్రాకుల్లో 4 కేవలం వాద్య సంగీతం. సింపుల్ మైండ్స్ బ్యాండ్ పాట అప్పట్లో వాళ్ల స్టూడియో ఆల్బమ్ దేనిలోనూ లేదు, ఈ క్యాసెట్టే దాని ఇల్లు. 'సిక్స్టీన్ క్యాండిల్స్' (1984)కి వచ్చింది 5 పాటల చిన్న రికార్డు మాత్రమే. చివర్లో వచ్చే థాంప్సన్ ట్విన్స్ పాట 1983 నాటి వాళ్ల సొంత ఆల్బమ్‌లో ఉంది, అక్కణ్ణించి తీసుకోవచ్చు. 'ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్' (1986)కి అప్పట్లో ఆల్బమే రాలేదు. 2016లో లా-లా లాండ్ రికార్డ్స్ పరిమిత సంఖ్యలో వేసింది. 'ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై' (1982)లో ఈతకొలను దృశ్యం కింద వినిపించే ద కార్స్ పాట ఆ సినిమా ఆల్బమ్‌లో లేదు. బ్యాండ్ 1978 ఆల్బమ్‌లో తీసుకోవాలి. అక్కడ అది తర్వాతి పాటలోకి ఆగకుండా కలిసిపోతుంది, కాబట్టి చివర మీరే ధ్వని మెల్లగా తగ్గేలా చిన్న ఫేడ్ పెట్టుకోవాలి.

'ప్రెటీ ఇన్ పింక్' (1986)లో రెండు చోట్ల పొరబడతారు. టైటిల్ పాటను సైకెడెలిక్ ఫర్స్ బ్యాండ్ వాళ్లు సినిమా కోసం మళ్లీ రికార్డు చేశారు. 1981 నాటి వాళ్ల ఆల్బమ్‌లో ఉన్నది పాత రికార్డింగు, గిటార్ గరుకుగా ఉంటుంది. మీ క్యాసెట్‌లో ఉన్నది కొత్తదే. ఇక రికార్డుల కొట్లో డకీ అనే పాత్ర పెదాలు కలిపే ఓటిస్ రెడ్డింగ్ పాట క్యాసెట్‌లో లేదు. అది విడిగా తెచ్చుకోవాల్సిందే.

ప్రతి సినిమాకీ చివరి టైటిల్స్ దగ్గర ఆపి పాట, గాయకులు, లేబుల్ పేరు రాసుకోండి. ఆ లేబుల్ పేరే మీకు దారి చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో అదే బ్యాండ్ పేరుతో దశాబ్దాల తర్వాత మళ్లీ పాడిన రికార్డింగులు తిరుగుతుంటాయి. వృత్తంలో పీ అక్షరం పక్కనున్న సంవత్సరం, లేబుల్ పేరు చూడండి. అసలు లేబుల్ కాకుండా ఎవరో తెలియని కంపెనీ పేరుంటే అనుమానించండి. అప్పటికీ తేలకపోతే స్నేర్ డ్రమ్ము దెబ్బను జాగ్రత్తగా వినండి. ఆ కాలపు గేటెడ్ రివర్బ్‌లో (ప్రతిధ్వనిని మధ్యలో కోసే పద్ధతి) మోత పెద్దగా లేచి, కోసినట్టు ఆగిపోతుంది. తర్వాతి రికార్డింగుల్లో ఆ కోత అంత పదునుగా రావడం అరుదు.

టేపు_చుట్ట

క్యాసెట్ సంగతి నేను చెబుతాను. బొంగురుకి సగం సార్లు కారణం టేపు కాదు, దాన్ని చదివే హెడ్. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్, క్యాప్‌స్టన్ (టేపును లాగే లోహపు కడ్డీ) తుడవండి. దూదికి గోధుమరంగు అంటడం ఆగేదాకా పుల్లలు మారుస్తూనే ఉండాలి. టేపును ఆ కడ్డీకి నొక్కే రబ్బరు పించ్ రోలర్‌కి ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లతో తడిపిన గుడ్డ చాలు, పూర్తిగా ఆరనివ్వండి.

తర్వాత క్యాసెట్ తెరిచే వైపు నుంచి మధ్యలోకి చూడండి. టేపు వెనక రాగి రేకు మీద చిన్న ఫెల్ట్ దిండు కనిపించాలి. దాని జిగురు ఎండిపోయి ఊడితే టేపు హెడ్‌కి ఆనదు, ధ్వని వస్తూ పోతూ ఉంటుంది. ఐదు మరలున్న డబ్బా అయితే విప్పి రెండు చుట్టల్నీ మంచి డబ్బాలోకి మార్చేయొచ్చు. అతికించిన డబ్బా అయితే అంచు వెంట చీల్చాలి. లీడర్ (టేపు మొదట్లో, చివర్లో ఉండే ఖాళీ ముక్క) ఊడిపోయి ఉంటే టేపు అతికించడానికే చేసిన స్ప్లైసింగ్ టేపే వాడండి. మామూలు సెల్లోటేపు జిగురు కారి పక్క పొరలకు అంటుకుంటుంది, తర్వాత హెడ్‌కి కూడా. ఇది మటుకు ఎవరు ఎంత తేలిక అని చెప్పినా చేయొద్దు.

ప్లే చేసే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట వదులు సర్దుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, అజిమత్, అంటే హెడ్ వాలు. హెడ్ సందు టేపుకి సరిగ్గా లంబంగా లేకపోతే ముందుగా పోయేది పైస్థాయే. డాల్బీ బి ఆ తగ్గిన పైస్థాయిని రొదగా లెక్కేసి ఇంకా తగ్గిస్తుంది. మీకు డాల్బీతో అధ్వానం అవుతున్నది అందుకే. డాల్బీ ఆపండి, రెండు చానళ్లనూ మోనోలో కలిపి వినండి. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న మర ఉంటుంది. ముందు దాని స్థానాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకోండి. అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్‌తో ఒక్కో వైపు కొద్దికొద్దిగా, పావు చుట్టుకు మించకుండా తిప్పండి. సింబల్స్ (డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాలు) అన్నిటికంటే మెరిసిన చోట ఆపండి. మోనోలో వినడం ముఖ్యం. అజిమత్ తప్పితే చానళ్లు ఒకదాన్నొకటి మింగేసి సింబల్ చుట్టూ సుళ్లు తిరిగినట్టుంటుంది. అది స్టీరియోలో అంత తేలిగ్గా దొరకదు. ప్రతి క్యాసెట్‌కీ ఇది విడిగా చేయాలి, ఒక్కోసారి రెండు వైపులకీ తేడా ఉంటుంది. పని అయ్యాక మరను గుర్తు దగ్గరికి తెచ్చేయండి.

అప్పుడు, క్యాసెట్‌తో వచ్చిన కార్డు మీద డాల్బీ బి గుర్తు ఉంటేనే డాల్బీ వేయండి. హెచ్‌ఎక్స్ ప్రో అని మాత్రమే ఉంటే ఏమీ నొక్కక్కర్లేదు, అది రికార్డు చేసేటప్పటి సంగతి. ఇంకో మాట: కొన్న క్యాసెట్లలో క్రోమ్ టేపైనా 120 మైక్రోసెకన్ల ఈక్వలైజేషన్‌తో (పైస్థాయిని ఎంత ఎత్తాలో చెప్పే అమరిక) నింపినవి చాలా ఉన్నాయి. డబ్బా మీద ఏముందో చూసి డెక్‌ను అలా పెట్టండి. క్రోమ్ అని రాసుంది కదా అని 70కి మారిస్తే పైస్థాయి ఇంకా తగ్గుతుంది.

రికార్డింగు లైన్-ఇన్‌లోకే, మైక్-ఇన్‌లోకి కాదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. బాగా మోగే చోట శిఖరాలు −6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. ఆటోమేటిక్ గెయిన్ ఏదైనా ఉంటే ఆపేయండి. ఒక వైపు మొత్తం ఒకే ఫైలుగా తీసుకోండి, కోతలు తర్వాత.

శ్రుతి_పెట్టె

డీవీడీ సరైనదా, క్యాసెట్ సరైనదా అన్నారు. రెండూ కాకపోవచ్చు. అదే రికార్డింగుకి సీడీ గానీ మంచి డిజిటల్ ఫైలు గానీ ఉంటే కొలబద్దగా దాన్నే పెట్టుకోండి.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాల్ డీవీడీ 25 ఫ్రేములతో నడుస్తుంది. 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, పాట 4.17 శాతం వేగంగా, దాదాపు 0.7 అర స్వరం పైన వినిపిస్తుంది. బ్లూరేలో ఈ బాధ లేదు. క్యాసెట్ తప్పు వేరే రకం. డెక్ మోటారు ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉండడం మామూలే.

పాట మొత్తం నిడివి చూసి లెక్కలు కట్టొద్దు, ఫేడ్‌లు ఒక్కో ప్రచురణలో ఒక్కోలా ఉంటాయి. మొదటి స్పష్టమైన స్నేర్ దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా కొలవండి. సీడీలో 200 సెకన్లు, క్యాసెట్‌లో 203 అనుకోండి. 203ని 200తో భాగిస్తే 1.015. అంటే వేగం 1.5 శాతం పెంచాలి, అది అర స్వరంలో పావు వంతు తేడా. డీవీడీలో 192 వస్తే అది అచ్చంగా పాల్ తేడా, వేగాన్ని 0.96కి తగ్గించాలి. ఆడాసిటీలో (ధ్వనిని సవరించే ఉచిత సాఫ్ట్‌వేర్) వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్ట్ వాడండి. టెంపో మాత్రమే మార్చేది వాడితే లయ సరిపోతుంది, శ్రుతి తప్పుగానే మిగులుతుంది.

ఒక మినహాయింపు. కొన్ని పాల్ డిస్కుల్లో ముందే శ్రుతి దించి ఇస్తారు. అక్కడ దెబ్బల దూరం 192 అనే చూపిస్తుంది, కానీ సీడీ పక్కన పెట్టి వింటే శ్రుతి కలుస్తుంది. వాటికి టెంపో ఎఫెక్టే సరైనది. అందుకే దూరం, శ్రుతి రెండూ విడివిడిగా చూడాలి.

క్యాసెట్‌కి వైపు మొదటి పాటలోనూ చివరి పాటలోనూ కొలవండి. చుట్ట పెరిగేకొద్దీ లాగుడు మారి వేగం జారే డెక్‌లు ఉన్నాయి. రెండు లెక్కలూ కలవకపోతే పాట పాటకీ విడిగా సరిచేయండి.

సైడ్_బి

అజిమత్ తిప్పగానే సింబల్స్ తేలాయి, చాలా థాంక్సండీ. ఇంకో రెండు. టేపు రొదకి నాయిస్ రిడక్షన్ ఎంత వేయాలి? 'ఫెరిస్ బ్యూలర్' ఊరేగింపులో బీటిల్స్ పాట వెనక బాకాలు వినిపిస్తాయి, ఆ రూపం ఎక్కడ దొరుకుతుంది?

రీల్_రాగం

ఆ బాకాలు సినిమాకోసం కలిపినవి. తెర మీద బ్యాండ్ మేళం కనబడుతోంది కాబట్టి 1963 రికార్డింగు మీద వాయించి చేర్చారు. బీటిల్స్ డిస్కుల్లో అది దొరకదు. సినిమా ధ్వనిలోంచి తీద్దామంటే జనం అరుపులు కూడా కలిసే వస్తాయి. ఎడమ చానల్‌లోంచి కుడి తీసేస్తే మాటలు పోతాయని కొందరు చెబుతారు. మధ్యలో ఉన్నవన్నీ పోతాయి, గొంతు, బేస్ కూడా. ఆ దృశ్యం ముక్కను ఉన్నదున్నట్టు ఒక ట్రాకుగా పెట్టుకోండి, పక్కనే మామూలు రికార్డింగు మరో ట్రాకు.

టేపు_చుట్ట

నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్, మరీ రొదగా ఉంటే 8. పాట మొదలవక ముందున్న ఖాళీలోంచి ఒక సెకను రొద నమూనా తీసుకోండి, రెండు పాటల మధ్య ఖాళీ అయినా పరవాలేదు గానీ ఫేడ్ తోక అందులో ఉండకూడదు. 12 దాటిస్తే సింబల్స్ నీళ్లలో మోగినట్టు అవుతాయి. సింథ్ తీగల తోకలు, గొంతు వెనక రివర్బ్ సగంలో తెగుతాయి. స్నేర్ మోత కోయించుకుని పుట్టిందే, దాన్ని మళ్లీ కోస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. వేగం సరిచేయకముందే రొద తీయండి, శుద్ధి చేయని ఫైలు మాత్రం ఒకటి ఉంచుకోండి.