అప్పుడూ ఎనిమిది కోర్లే, ఇప్పుడూ ఎనిమిది కోర్లే. మరి మారిందేంటి?

గట్టుమీద_చెట్టు:
నాన్న వాడే ఫోను 2018లో కొన్నది. చిప్‌లో ఎనిమిది కోర్లు, అంటే లెక్కలు చేసే బుర్రలు ఎనిమిది. కూరగాయల బండి దగ్గర పేమెంట్ యాప్ తెరిచి స్కానర్ వచ్చేలోపు వెనకున్నాయన రెండు కిలోల టమాటాలు తూయించుకుని వెళ్లిపోతున్నాడు. కొత్తది చూద్దామని షాపుకెళ్తే అక్కడా అదే పాట, "ఆక్టా కోర్ సార్" అని. కోర్ల లెక్క మారనప్పుడు ఇన్ని తరాల్లో మారిందేంటి? రివ్యూలు వద్దు, మీరు వాడి చూసిన తేడాలు చెప్పండి.

రెండోసిమ్:
కొత్త చిప్ అంటే ఎక్కువ వేగం అనుకునేవాణ్ని. ఆ భ్రమ ఇంట్లోనే వదిలింది. నాది రెడ్‌మీ నోట్ 3, చిప్ స్నాప్‌డ్రాగన్ 650. 2017లో తమ్ముడు నోట్ 4 కొన్నాడు, అందులో స్నాప్‌డ్రాగన్ 625. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే న్యూస్ సైట్ తెరిస్తే నా పాతదే ముందు తెరుచుకుంది. వాడి మొహం చూడాలి! నా ఆనందం ఆ రాత్రి దాకానే. బ్యాటరీలు దాదాపు ఒకటే, 4,050, 4,100 ఎంఏహెచ్. నేను పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టేవాణ్ని, వాడు మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి పెట్టేవాడు.

నైట్‌షిఫ్ట్:
హైదరాబాద్‌లో చిప్ వెరిఫికేషన్, అంటే చిప్ డిజైన్‌లో తప్పులు పట్టడం, నా ఉద్యోగం (ఫోన్ల చిప్పులు కాదు లెండి). రెండోసిమ్ గారింట్లో జరిగినదాంట్లోనే మీ ప్రశ్నకు సగం జవాబుంది.

650లో రెండు ఏ72 కోర్లు, నాలుగు ఏ53. 625లో ఎనిమిదీ ఏ53లే. ఇవి కోర్ల రకాల పేర్లు, ఏ72 పెద్దది, ఏ53 చిన్నది. టిఫిన్ సెంటర్ అనుకోండి. ఏ53 వరస తప్పని మాస్టర్. ముందున్నాయన పెసరట్టుకి పిండి ఇంకా రాలేదంటే, వెనకాయనకు రెడీగా ఉన్న ఇడ్లీ కూడా పెట్టడు, అలాగే నిలబడతాడు. ఏ72 అలా కాదు, పిండి వచ్చేలోపు ఇడ్లీలు, వడలు ఇచ్చేసి మళ్లీ పెసరట్టు దగ్గరికొస్తాడు. మెమరీ నుంచి డేటా రావడమే ఆ పిండి రావడం. అందుకే వెబ్ పేజీ దగ్గర ఎనిమిది మంది మొదటి రకం కన్నా ఇద్దరు రెండో రకం నయం. కోర్లెన్నో కాదు, ఏ కోర్లో అడగాలి.

బ్యాటరీ సంగతి వేరే. 650ది 28 నానోమీటర్ తయారీ పద్ధతి, 625ది 14. అంకె తగ్గేకొద్దీ పద్ధతి కొత్తదని లెక్క. పాత పద్ధతి ట్రాన్సిస్టర్ (చిప్‌లోని బుల్లి స్విచ్) కట్టేసినా చుక్కలు కారే కుళాయి లాంటిది. 14 దగ్గరికొచ్చేసరికి ఫిన్‌ఫెట్ అనే కొత్త రకం స్విచ్ వచ్చింది, అంటే గేటు (తెరిచి మూసే భాగం) కరెంటు దారిని మూడు వైపుల నుంచీ పట్టి బిగిస్తుంది. కారడం బాగా తగ్గింది.

బండిమీద:
డెలివరీ చేస్తా అన్నా. ఒకప్పుడు ఆశపడి ఒక ఫ్లాగ్‌షిప్ (కంపెనీ టాప్ ఫోను) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, పేరెందుకు లే. మే నెల, హ్యాండిల్‌కి ఫోను, మ్యాప్ ఆన్, పవర్‌బ్యాంక్ నుంచి ఛార్జింగ్. ఇరవై నిమిషాలకి వేడెక్కి బ్రైట్‌నెస్ దానంతటదే పడిపోయేది, మ్యాప్‌లో బాణం నాకన్నా ఒక సందు వెనక ఉండేది. దాన్నమ్మి మామూలు మిడ్‌రేంజ్ కొన్నా, ఇప్పుడు ఆ గోల లేదు. టాప్ చిప్ అంటే మొదటి అయిదు నిమిషాల గొప్పే.

నైట్‌షిఫ్ట్:
అన్ని టాప్ చిప్పులనీ అలా అనలేం బ్రో. కోర్లు అవే ఉన్నా తయారుచేసే ఫ్యాక్టరీ మారితే కథ మారిపోతుంది. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 శాంసంగ్ దగ్గర తయారైంది. 2022 మేలో వచ్చిన 8+ జెన్ 1 టీఎస్‌ఎంసీ అనే తైవాన్ కంపెనీ ఫ్యాక్టరీలో. రెండింట్లోనూ అవే కోర్లు, రెంటికీ "4 నానోమీటర్" పేరే. అయినా ప్లస్‌లో సీపీయూ, గ్రాఫిక్స్ భాగాల కరెంటు ఖర్చు 30 శాతం దాకా తగ్గిందని స్నాప్‌డ్రాగన్ కంపెనీ క్వాల్‌కామ్ తనే చెప్పింది, క్లాక్ (కోర్ వేగం) కూడా 3 నుంచి 3.2 గిగాహెర్ట్జ్‌కి పెంచింది. నానోమీటర్ అంకె ఇప్పుడు బ్రాండు పేరు లాంటిదే, చిప్‌లో ఏదో ఒక భాగం కొలత కాదు.

చిల్లర_కొట్టు:
పేర్ల మాయ కూడా చెప్పండి, నేను తిన్న దెబ్బ అక్కడే. స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 2, 7+ జెన్ 2, రెండూ 2023వే. అన్నదమ్ములనుకున్నా. తీరా చూస్తే ప్లస్‌లో చాలా పెద్ద ఎక్స్2 కోర్ ఉంది, ఎస్‌లో దానికన్నా చిన్నదైన ఏ78తో సరి. ఇంకో తమాషా, 2024లో వచ్చిన 6ఎస్ జెన్ 3 అంటే 2021 నాటి 695కే క్లాక్ కాస్త పెంచి పేరు మార్చినది. అదే చొక్కా, కొత్త బొత్తాలు.

రెండోసిమ్:
😂 పండక్కి మా మావయ్య చేసే పనే.

ప్రవాసపక్షి:
ఏ53 లాంటి చిన్న కోర్ల కాలం టాప్ చిప్పుల్లో చెల్లిపోతోంది. మీడియాటెక్ వాళ్ల డైమెన్సిటీ 9300 చిప్‌లో (2023) నాలుగు ఎక్స్4, నాలుగు ఏ720, అన్నీ పెద్ద కోర్లే, చిన్నవి సున్నా. మరుసటేడు స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌లోనూ అంతే, రెండు రకాలూ పెద్దవే. పని త్వరగా ముగించి నిద్రపోతే కరెంటు మిగులుతుందన్నది లెక్క. గట్టు గారూ, మీ నాన్నగారికి ఇదంతా అనవసరం లెండి. ఆయన ఫోనులో స్టోరేజీ ఈఎంఎంసీ (నెమ్మదైన పాత రకం) అయ్యుంటుంది, పైగా నిండిపోయి ఉంటుంది. గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేసి చూడండి ముందు. కొత్తది కొంటే యూఎఫ్‌ఎస్ (వేగమైన రకం స్టోరేజీ) ఉన్నదే కొనండి.

చిల్లర_కొట్టు:
కొనేముందు డెమో పీస్‌లో సీపీయూ-జెడ్ అనే యాప్ వేసి కోర్ల పేర్లు చూడండి. కనీసం రెండు ఏ78లన్నా ఉండాలి. షాపువాడు చిరాకు పడితే పడనీండి.

గట్టుమీద_చెట్టు:
అప్‌డేట్. సీపీయూ-జెడ్ వేయనిచ్చాడు, నాలుగు ఏ78, నాలుగు ఏ55 (చిన్నవి) కనిపించాయి, స్టోరేజీ యూఎఫ్‌ఎస్. ఈలోగా వాట్సాప్‌లో 11 జీబీ తీసేస్తే నాన్న ఫోనులో స్కానర్ కాస్త తొందరగానే వస్తోంది. ఆయనేమో "బ్యాటరీ వేయిస్తే ఇంకో రెండేళ్లు లాగుతుంది, ఆ డబ్బులు దాచు" అంటున్నారు. మంచి బ్యాటరీ వేసేవాళ్లు విజయవాడలో ఎవరైనా తెలుసా?